తపస్సు ఆయనది, నింద ఆవిడది

పెళ్ళయి ఆరు నెలలు గడిచిందంటే చాలు, మన ఇళ్ళల్లో కొత్తకోడలికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని. అడిగేవాళ్ళు ప్రేమగానే అడుగుతారు. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీదనుంచి అడుగుతారు. పేరంటంలో కాళ్ళకి పసుపు రాస్తూ అత్తగారి స్నేహితురాలు అడుగుతుంది. రెండేళ్ళు గడిచేసరికి ఆ ప్రశ్న "ఇంకా ఏం లేదా?" అని మారుతుంది. అయిదేళ్ళు దాటితే అడగడమే మానేస్తారు. అడగడం మానేసిన రోజునుంచే ఆ అమ్మాయికి అసలు కష్టాలు. శ్రీమంతాలకి పిలుపు రాదు. వచ్చినా గాజులు తొడిగే వరసలో చోటుండదు. బారసాలలో పసిపిల్ల కేరుమంటే, ఎత్తుకోబోయిన చేతుల్లోంచి ఎవరో ఒకరు మెల్లిగా తీసేసుకుంటారు.

ఈ ప్రశ్న అబ్బాయిని ఎవరూ అడగరు, గమనించారా? అడిగినా అది స్నేహితుల వేళాకోళమే. మన భాష సంగతే చూడండి. పిల్లలు లేని ఆడదానికి "గొడ్రాలు" అనే మాట ఉంది. కథలు, నవలలు రాసేదాన్ని కనక మాటలు వెతుక్కోవడమే నా పని. పిల్లలు లేని మగవాడికి ఏదైనా మాట ఉందా అని చాలా వెతికాను. నిఘంటువు తిరగేస్తే "అనపత్యుడు" లాంటి పండితుల మాట దొరుకుతుంది గాని, వీధి కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని తిట్టుకోవడానికి పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. భాషలో మాట లేదంటే ఆ తప్పు మగవాడిదీ కావచ్చునన్న ఆలోచనే జనానికి రాలేదన్నమాట.

మరి మొదటినుంచీ ఇంతేనా? మన పురాణ కథల్లోనూ ఇలాగే ఉందా? ఈ సందేహం నాకు చేర్యాలలో కలిగింది.

చేర్యాల మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. గోడకి తగిలించుకునే ఎర్రటి బొమ్మల పటాలు హస్తకళల దుకాణాల్లో చూస్తూంటామే, అవి పుట్టిన ఊరు. అక్కడి నకాశీ కళాకారులు ఖాదీ గుడ్డకి చింతగింజల అంబలీ సుద్దా పూసి, ఆరబెట్టి, దాని మీద బొమ్మలు వేస్తారు. ఇప్పుడంటే మన డ్రాయింగురూముల కోసం అడుగు, రెండడుగుల బొమ్మలు వేస్తున్నారు గాని, పూర్వం ఆ పటాలు మూడడుగుల వెడల్పున, నలభై యాభై అడుగుల పొడవున ఉండేవి. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పురాణం. ఆ పురాణం చెప్పడానికి మళ్ళీ వేరే కథకులు. పద్మశాలీలకి కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. గొల్లలకి మందహెచ్చులవాళ్ళు కాటమరాజు కథ చెబుతారు. ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు పాండవుల కథ చెబుతారు. రాత్రిపూట దీపం వెలుగులో పటం చుట్ట విప్పుకుంటూ, ఒక్కొక్క బొమ్మనీ చూపిస్తూ కథ నడిపిస్తారు. సినిమా రాకముందు పల్లెటూళ్ళకి అదే సినిమా.

పద్మశాలీల కథ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? పిల్లలు లేని దంపతుల దగ్గర. మృకండ మహర్షికీ ఆయన భార్య మరుద్వతికీ సంతానం లేదు. శివుడికోసం ఘోరంగా తపస్సు చేశారు. శివుడు ప్రత్యక్షమై, పదహారేళ్ళే బతికే గుణవంతుడు కావాలా, నిండు నూరేళ్ళు బతికే మందమతి కావాలా అని అడిగాడు. గుణవంతుణ్ణే కోరుకున్నారు. అలా పుట్టినవాడు మార్కండేయుడు. యముణ్ణి జయించిన ఆ మార్కండేయుడి కొడుకు భావనాఋషి, తామరతూడు దారంతో మొట్టమొదటి బట్ట నేశాడని పద్మశాలీల నమ్మకం. భావనాఋషి భార్య భద్రావతికి నూటొక్కమంది కొడుకులట. వాళ్ళ పేర్లే నూటొక్క గోత్రాలయ్యాయి. నూటొక్కమందిని మోసి కన్న ఆ తల్లికి నడుంనొప్పి వచ్చిందో లేదో ఏ కథకుడూ చెప్పడు!

అది అలా ఉంచండి. నన్ను ఆకట్టుకున్నది ఆ తపస్సు. పిల్లలు లేని లోటు మృకండుడిది కూడా. అందుకే అడవికి వెళ్ళినవాడు ఆయన. ఎండకీ వానకీ ఓర్చుకున్నవాడు ఆయన. ఈ దృష్టితో మిగతా కథలు తలుచుకుంటే ఎక్కడ చూసినా ఇదే. దశరథుడికి ముగ్గురు భార్యలుండీ పిల్లలు లేరు. ఏ కౌసల్యనో పుట్టింటికి పంపించలేదు, తనే పుత్రకామేష్టి చేశాడు. దిలీపుడు భార్య సుదక్షిణతో కలిసి వసిష్ఠుడి ఆశ్రమానికి వెళ్ళాడు. చక్రవర్తి అయి ఉండీ నందినీధేనువు వెనకాల పశువుల కాపరిలా తిరిగాడు. హరిశ్చంద్రుడు వరుణుణ్ణి వేడుకున్నాడు. భారతంలోనైతే పాండురాజు శాపంవల్ల సంతానానికి పనికిరానివాడు. ఆ మాట ఆయనే కుంతితో చెప్పుకున్నాడు. పురాణం చెప్పినవాళ్ళకి మగవాడి లోటు చెప్పడానికి సిగ్గు లేకపోయింది. మరి ఆ పురాణం వింటూ కూర్చున్న ఇళ్ళల్లో మాత్రం తపస్సంతా కోడలి నెత్తిన ఎందుకు పడింది?

చేర్యాలకి దగ్గర్లోనే కొమురవెల్లి మల్లన్న గుడి ఉంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర. ఆదివారం ఆదివారం బండ్లూ బస్సులూ కిటకిటలాడిపోతాయి. మొదటివారం హైదరాబాదువాళ్ళది, దాన్ని పట్నంవారం అంటారు. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో నేలమీద పట్నం వేసి మల్లన్న కథ చెబుతారు. ఈ కథా పిల్లలు లేనివాళ్ళదే. ఆదిరెడ్డి, నీలమ్మ అనే దంపతులు శివుణ్ణి కొలిస్తే ఆ శివుడే వాళ్ళ కడుపున కొడుకై పుట్టాడు. గర్భగుడిలో మల్లన్నకి ఇటూ అటూ బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ ఉంటారు. గంగరేగు చెట్టు దగ్గర సంతానం కోసం మొక్కుకునేవాళ్ళకి లెక్కే లేదు.

ఆ చెట్టు దగ్గరే ఒక పెద్దావిడతో మాట కలిసింది. పక్కన పాతికేళ్ళ కోడలు. తడిబట్టలతో ఉంది, ముఖమంతా పసుపు. "కోడలికి కడుపు పండాలె బిడ్డా, మల్లన్నకు మొక్కినం" అంది ఆవిడ. మీ అబ్బాయి రాలేదా అమ్మా అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "వాడెందుకు బిడ్డా? కనేది ఇది గద!" అంది. కోపంగా కాదు, ఎంత తెలివితక్కువదాన్నో అన్నట్టు జాలిగా అంది. అయినా ఆవిడ చెడ్డది కాదు. కోడలి భుజంమీద కొంగు సర్దుతూనే ఉంది, దాహమేస్తోందేమోనని అడుగుతూనే ఉంది. తనకి ఎవరు ఏం నేర్పారో అదే అంది. ఒగ్గు కథలో ఆదిరెడ్డి పేరు ముందొస్తుంది. గంగరేగు చెట్టు కిందికి వచ్చేసరికి ఆదిరెడ్డి ఇంట్లోనే ఉండిపోయాడు!

ఆవిడకి ఎవరు నేర్పారా అని వెనక్కి వెళ్ళి చూస్తే ధర్మశాస్త్రం కనిపిస్తుంది. కొడుకు లేనివాడికి పున్నామ నరకం తప్పదన్నారు. తర్పణాలు వదిలే కొడుకుకోసం పితృదేవతలు పైన ఎదురుచూస్తూంటారన్నారు. మనుస్మృతి ఇంకో అడుగు ముందుకేసి లెక్కలు కట్టింది. పిల్లలు పుట్టని భార్యని ఎనిమిదో ఏట, పుట్టినవాళ్ళు పోతూంటే పదో ఏట, అందరూ ఆడపిల్లలే అయితే పదకొండో ఏట పక్కనపెట్టి మగవాడు మరో పెళ్ళి చేసుకోవచ్చు. ఎదురు మాట్లాడే భార్యకైతే ఆ గడువు కూడా లేదు, అప్పటికప్పుడే! పితృదేవతల ఆకలి, పొలాలకి వారసుడు, ఇంటిపేరు, అన్నీ కలిసి ఒక్క మనిషి కడుపుమీద కూర్చున్నాయి. తప్పు భార్యది అనుకుంటేనే రెండో పెళ్ళికి దారి దొరుకుతుంది. తప్పు తనదీ కావచ్చు అనుకుంటే ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుని ఏం లాభం? తప్పు ఆవిడదే అనడం అందరికీ సులువైన మార్గం అయింది.

అప్పుడేం జరిగేదో మన అమ్మమ్మల తరం కథలు విన్నవాళ్ళందరికీ తెలుసు. పెద్దదానికి పిల్లలు లేరని దాని చెల్లెల్నే తెచ్చి అదే ఇంట్లో కట్టబెట్టేవారు. "పరాయిది వచ్చేకంటే తోడబుట్టింది నయం కదే" అని పుట్టింటివాళ్ళే నచ్చజెప్పేవారు. అక్క తన చేత్తో చెల్లెల్ని పెళ్ళికూతుర్ని చేసి, చెల్లెలి పురుడు తనే పోసి, ఆ పిల్లల్ని తనే పెంచి, చివరికి "పెద్దమ్మ" అనిపించుకునేది. త్యాగమూర్తి అని ఊరు మెచ్చుకునేది. ఆవిడ రాత్రిపూట ఏమనుకునేదో ఎవరూ రాసిపెట్టలేదు.

చట్టం కల్పించుకోవడానికి చాలాకాలం పట్టింది. మద్రాసు రాష్ట్రంలో హిందువుల ద్విభార్యా నిషేధ చట్టం 1949లో వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. చేర్యాల అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో ఉంది కనక ఆ చట్టం ఇక్కడికి రాలేదు. దేశమంతటికీ 1955లో హిందూ వివాహ చట్టం వచ్చాకే, భార్య బతికుండగా మరో పెళ్ళి చేసుకోవడం ఇక్కడా నేరం అయింది. ఇంకో మాట కూడా మీరు గుర్తుంచుకోవాలి. పిల్లలు పుట్టలేదన్నది ఆ చట్టంలో విడాకులకి కారణం కాదు. కోర్టు గుమ్మం దాకా వెళ్ళకుండానే భయపడి సంతకాలు పెట్టే అమ్మాయిలు ఇప్పటికీ ఉన్నారు కనక చెబుతున్నాను.

పెంపకం సంగతీ అలాగే ఉండేది. 1956కి ముందు శాస్త్ర ప్రకారం దత్తత చేసుకోవలసింది కొడుకునే, ఎందుకంటే కావలసింది పిండం పెట్టేవాడు. ఆడపిల్లని దత్తత చేసుకునే వీలు 1956 చట్టంతో వచ్చింది. ఆ చట్టంలో కూడా పెళ్ళయిన ఆడది తన పేరుమీద దత్తత చేసుకోవడానికి లేదు. భర్త చేసుకుంటే ఆవిడ సరేననాలి, అంతే. 2010లో సవరణ వచ్చాక భర్త ఒప్పుదలతో భార్య కూడా దత్తత చేసుకోవచ్చునన్నారు. కనలేదని నింద మోసేది ఆవిడ. పెంచుకుంటానంటే హక్కు మాత్రం యాభై నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఈ బాధ మన దేశపు ఆడవాళ్ళకే ఉందనుకోకండి. అమెరికాలో మోర్మన్లని ఒక క్రైస్తవ శాఖ ఉంది. జోసెఫ్ స్మిత్ అనే ఆయన 1830లో స్థాపించాడు. తరవాత బ్రిగ్‌హామ్ యంగ్ నాయకత్వంలో 1847లో ఉటా ప్రాంతానికి వలస వెళ్ళారు. మనకి దూరంవాళ్ళేమీ కాదు, 2012లో మన దేశంలో వాళ్ళ మొట్టమొదటి పెద్ద మండలి ఏర్పడింది హైదరాబాదులోనే. వాళ్ళ నమ్మకం ప్రకారం, ఈ భూమ్మీద ఇంకా పుట్టని ఆత్మలు పైన దేవుడి దగ్గర ఉంటాయి. శరీరం దొరికితే గాని అవి ముందుకు సాగలేవు. ఆ ఆత్మలకి శరీరాలివ్వడం భార్యాభర్తల విధి. చూశారా చిత్రం! మనకేమో పోయినవాళ్ళు పైన ఎదురుచూస్తున్నారు, వాళ్ళకేమో రాబోయేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఎవరు ఎదురుచూసినా నిలబడేది మాత్రం కోడలి గుమ్మంలోనే.

వాళ్ళలోనూ ఒకప్పుడు బహుభార్యాత్వం ఉండేది. బైబిల్లో పిల్లలు లేని శారా తన దాసి హాగరుని భర్తకి ఇచ్చిన కథ దానికి ఆధారం. మొదటి భార్య అనుమతినివ్వడాన్ని శారా ధర్మం అనేవారు. మన అక్కాచెల్లెళ్ళ కథ జ్ఞాపకం రావడం లేదూ? బ్రిగ్‌హామ్ యంగ్‌కి యాభైమందికి పైగా పిల్లలు. ప్రభుత్వం వెంటపడితే 1890లో ఆ ఆచారం మానుకుంటున్నామని ప్రకటించారు. పిల్లల్ని కనమన్న ఆజ్ఞ మాత్రం ఇంకా అమల్లోనే ఉందని 1995లో వాళ్ళ పెద్దలు మళ్ళీ ప్రకటించారు. ఎంతమందిని, ఎప్పుడు కనాలన్నది ఆ దంపతులకీ దేవుడికీ మధ్య విషయమనీ, ఇంకొకరు తీర్పు చెప్పకూడదనీ వాళ్ళ నియమావళిలో ఉంది. మంచి మాట. కానీ నియమావళి పుస్తకంలో ఉంటుంది, ప్రశ్న పక్కింటావిడ నోట్లో ఉంటుంది.

ఆ మోర్మన్ల చరిత్రలోనే ఎలైజా స్నో అనే ఆవిడ నాకు చాలా నచ్చింది. 1804లో పుట్టి 1887లో పోయింది. మొదట జోసెఫ్ స్మిత్‌కీ, ఆయన పోయాక బ్రిగ్‌హామ్ యంగ్‌కీ అనేక భార్యల్లో ఒక భార్య. సంతానం లేదు. తల్లి కావడమే స్త్రీ జన్మకి పరమార్థం అనుకునే ఆ సమాజంలో, అందరికన్నా గౌరవం పొందిన స్త్రీ ఆవిడే. కీర్తనలు రాసింది. ఊరూరా మహిళా సంఘాలు పెట్టింది, వాటన్నిటికీ అధ్యక్షురాలైంది. మన పొరుగునే కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క ఉండేది, 2025లో పోయింది. పిల్లలు లేరని నలుగురూ నానా మాటలూ అంటే, భర్తతో కలిసి రోడ్డు పక్కన మర్రిమొక్కలు నాటి, కడవలతో నీళ్ళు మోసి పెంచింది. 2019లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ళని తలుచుకుంటే గర్వంగానే ఉంటుంది. కానీ ఒక మాట అడుగుతాను. పిల్లలు లేని ఆడది మనిషిగా లెక్కలోకి రావాలంటే ఒక సంఘాన్ని నడపాలా, వందల చెట్లు పెంచాలా? మామూలుగా వండుకుని, తిని, నవ్వుతూ బతికితే చాలదా?

చాలదని లోకం ఎంత గట్టిగా నమ్మిస్తుందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్భై ఏళ్ళు దాటిన ఒక ఆవిడ కవలపిల్లల్ని కంది. గోదావరి జిల్లా పల్లెటూరు. పెళ్ళయింది 1962లో. యాభై ఏడేళ్ళు గుళ్ళూ గోపురాలూ తిరిగి, చివరికి పరీక్షనాళిక పద్ధతిలో తల్లయింది. ప్రపంచమంతా పత్రికల్లో రాశారు, వింత అన్నారు, రికార్డు అన్నారు. తనని గొడ్రాలన్నారని ఆవిడ విలేఖరులతో చెప్పుకుంది. నాకు ఆ వైద్యం వింత అనిపించలేదు. యాభై ఏడేళ్ళయినా ఆ ఒక్క మాట ఆవిడ చెవుల్లోంచి పోలేదే, అది వింత అనిపించింది. ఏడు పదులు దాటినా ఆపరేషన్ బల్ల ఎక్కడానికి సిద్ధపడిందంటే ఆ మాట ఎంత లోతుగా దిగి ఉండాలి! తరవాత 2021లో వచ్చిన చట్టం ఇలాంటి వైద్యానికి ఆడవాళ్ళకి యాభై ఏళ్ళు, మగవాళ్ళకి యాభై అయిదేళ్ళు పరిమితి పెట్టింది.

ఇక ప్రభుత్వాల సంగతి. 1952లో ప్రపంచంలోనే మొదటిసారిగా ప్రభుత్వపరంగా కుటుంబ నియంత్రణ మొదలుపెట్టిన దేశం మనది. ఎర్ర త్రికోణం బొమ్మలు గోడలనిండా ఉండేవి. అత్యవసర పరిస్థితి రోజుల్లో మగవాళ్ళకి బలవంతంగా ఆపరేషన్లు చేసేసరికి దేశం భగ్గుమంది. ఆ తరవాత ఆపరేషన్ దాదాపుగా ఆడవాళ్ళ పని అయిపోయింది. మగవాళ్ళకి చేసేదే చిన్న ఆపరేషన్, అయినా సరే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. ఇద్దరికి మించితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధన 2024లో తీసేశారు. జనాభా ముసలిదైపోతోంది, ఇద్దరికి మించి కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు అదే ఏడాది చెప్పారు. 2025 మార్చిలో అక్కడి ఎంపీ ఒకాయన మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. ఒకప్పుడు వద్దన్నదీ, ఇప్పుడు కనమంటున్నదీ ఒకే కడుపుని. మధ్యలో ఆ కడుపున్న మనిషిని నీకేం కావాలమ్మా అని అడిగినవాళ్ళేరీ?

పిల్లలు వద్దని నేను అనడం లేదు. పసిబిడ్డ బోసినవ్వుకి కరగని మనిషి ఉండదు. కావాలనుకుని, రాక ఏడ్చేవాళ్ళ దుఃఖం నిజమైన దుఃఖం, దాన్ని తీసిపారేయడానికి ఎవరికీ హక్కు లేదు. నేననేది ఆ దుఃఖం ఇద్దరిదీ అని. వైద్యులూ అదే చెబుతున్నారు. పిల్లలు లేని జంటల్లో సుమారు సగంమందిలో మగవాడివైపు లోపం కూడా ఉంటుంది. మగవాడికి చేసే మొదటి పరీక్ష చాలా తేలిక, కోత లేదు, నొప్పి లేదు. అయినా మన ఇళ్ళల్లో భార్యకి చెయ్యవలసిన పరీక్షలన్నీ అయ్యాక, మొక్కులన్నీ అయ్యాక, అప్పుడు ఆయన్ని అడగడానికి గొంతు పెగలదు.

ఈ పేజీ చదివేవాళ్ళలో కోడళ్ళున్నారు, అత్తగార్లున్నారు, త్వరలో అత్తగార్లు కాబోయేవాళ్ళూ ఉన్నారు. పురాణాలు తిరగరాయమని నేనేం అడగను. వాటిలో ఉన్నదాన్నే పాటించమంటున్నాను. పటంమీద మృకండుడు తపస్సుకి కూర్చున్నాడు. దిలీపుడు ఆవు వెనకాల నడిచాడు. కొమురవెల్లికి మొక్కు చెల్లించడానికి వెళ్ళినా, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినా, మీ అబ్బాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. కొత్తకోడలు ఎదురైనప్పుడు అడగడానికి "విశేషమా" ఒక్కటే ప్రశ్నా? ఏం చదువుతున్నావమ్మా, ఒంట్లో ఎలా ఉంది, మావాడు ఏడిపించడం లేదు కదా అని అడగండి. జవాబు చెప్పడానికి ఆ పిల్లకి బోలెడు ఉంటాయి.